నస్తలీఖ్ లిపి: స్వభావం, ప్రయోజనం

దివ్య ఖుర్‌ఆన్‌లోని 68వ సూరాకు 'అల్ ఖలమ్' అని పేరు. కలానికి ఇంతటి స్థానమున్న ముస్లిం సమాజంలో చేవ్రాత గొప్ప కళగా వికసించింది. ఆ కళలో మిక్కిలి సుకుమారమైనది నస్తలీఖ్. ఉర్దూ అనువాదంతో ముద్రితమైన ఖుర్‌ఆన్ ప్రతిని తెరిచినచో పై పంక్తిలోని అరబీ మూలం నస్ఖ్ లిపిలోను, దాని క్రింది అనువాదం సాధారణంగా నస్తలీఖ్‌లోను కనిపిస్తాయి. ఒకే వర్ణమాలకు ఈ రెండు రూపాలెందుకు?

నస్ఖ్, తాలీఖ్ అనే రెండు లిపుల పేర్ల కలయికయే నస్తలీఖ్. ఇది 14వ శతాబ్దంలో ఇరాన్‌లో రూపుదిద్దుకొన్నది. మీర్ అలీ తబ్రీజీ దీనికి నియమాలు ఏర్పరచినట్లు సంప్రదాయం చెబుతుంది. ఫార్సీ కవిత్వంతో పాటు ఇది భారతదేశానికి వచ్చి ఉర్దూకు సొంత లిపి అయింది.

నస్ఖ్ అక్షరాలు సమమైన గీతపై నిలుస్తాయి. నస్తలీఖ్‌లో పదం కుడివైపు ఎత్తున మొదలై ఎడమకు వాలుగా దిగుతుంది. నిలువు గీతలు పొట్టివి, అడ్డగీతలు దీర్ఘమైనవి. కలపు మొన వేసే చుక్కయే ప్రతి అక్షరానికీ కొలత. 'బే' అక్షరం అలిఫ్‌కు ముందు ఒక రూపం, జీమ్‌కు ముందు మరొక రూపం, మీమ్‌కు ముందు ఇంకొక రూపం ధరిస్తుంది. పొరుగు అక్షరాన్ని బట్టి ఒదగడమే దీని అందం.

ఈ ఒదుగుదలయే అచ్చుయంత్రానికి అడ్డంకి అయింది. విడి సీసపు అక్షరాలు ఆ వాలును నిలుపలేకపోయాయి. అందుచేత కాతిబ్ చేతితో వ్రాయగా శిలాముద్రణ ద్వారా అచ్చువేసే పద్ధతి ఉర్దూకు ఆధారమైంది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వ్రాసిన వేలాది అక్షర సంపుటాలతో 'నూరీ నస్తలీఖ్' కంప్యూటర్ లిపి వెలువడింది. ఆ ఏడే లాహోర్‌లో 'జంగ్' పత్రిక దానితో అచ్చయింది. యంత్రంలో దాగినది కాతిబ్ చేతి పనియే. కాని క్రమంగా అనేకమంది కాతిబ్‌ల జీవనోపాధి పోయింది. 1927లో స్థాపితమైన చెన్నై 'ముసల్మాన్' దినపత్రిక మాత్రం 21వ శతాబ్దంలోనూ కాతిబ్‌లచే వ్రాయించింది.

ఏ లిపి ఎక్కడ తగునో గ్రహించుట ముఖ్యం. కవిత్వానికి, శీర్షికలకు, వివాహ పత్రికలకు, ఉర్దూ గ్రంథాలకు నస్తలీఖ్ తగినది. జేర్, జబర్, పేష్ గుర్తులన్నీ స్పష్టంగా కనబడవలసిన ఖుర్‌ఆన్ పఠనానికి నస్ఖ్ అనుకూలం. నస్తలీఖ్‌ను మరీ చిన్న అక్షరాలలో, ఇరుకు పంక్తులలో కూర్చితే చుక్కలు కలిసిపోయి చదువరి తడబడతాడు.

ఇందులో మరొక విషయం కలదు. మక్తబ్‌లో నస్ఖ్ మాత్రమే నేర్చి, పాఠశాలలో తెలుగు చదివే బాలుడు ఖుర్‌ఆన్ చదువగలడు; కాని తాతగారు ఉర్దూలో వ్రాసిన ఉత్తరం చేతికిస్తే తికమకపడతాడు. అక్షరాలు అతనికి తెలిసినవే, వాటి ఒదుగుదల మాత్రం తెలియదు. ఖాయిదా ముగిసిన పిమ్మట కొన్నాళ్ళు నస్తలీఖ్ వాచకం కూడా చదివించినచో, ఇంట్లోని పాత ఉత్తరాలు, గ్రంథాలు అతనికి మూగవి కాకుండా ఉంటాయి.