ఇల్లాలిని చూచి ఇల్లు

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మన పెద్దలు చెప్పుదురు. గోడ మీది మరక, మూలనున్న దుమ్ము, బోర్లించని గిన్నె, ఇవి యన్నియు ఇల్లాలి గుణమునకు సాక్ష్యములుగా ఎంచబడుచు వచ్చినవి. ఆ మూలకు వెలుతురు వచ్చునా, ఆ గిన్నెను బోర్లించుటకు చోటున్నదా అని అడిగినవారు మాత్రము అరుదు. యూరపు ఖండమున ఉత్తరపు కొనయందున్న కొన్ని దేశములవారు నూరేండ్లకు పైగా ఈ ప్రశ్నను అడుగుచు, ఇల్లాలిని చూచి ఇల్లు కట్టుకొను విద్యను అలవరచుకొనిరి. వారి ఇండ్ల సొంపును నేడు లోకమంతయు మెచ్చుకొనుచున్నది. ఆ సొంపులో మన కొడంగల్ ప్రాంతపు గృహిణులకు పనికివచ్చునది ఏది, పనికిరానిది ఏది యని ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

స్వీడను, నార్వే, డెన్మార్కు దేశములను కలిపి స్కాండినేవియా అందురు. పొరుగుననున్న ఫిన్లాండును సైతము ఇండ్ల విషయమున వానితో చేర్చి చెప్పుట వాడుక. 1943లో స్వీడనునందు పుట్టిన ఐకియా అను సామానుల సంస్థ 2018 ఆగస్టు 9వ తేదీన భారతదేశములోని తన మొదటి అంగడిని హైదరాబాదున తెరచినది. నాటినుండి ఆ దేశపు బల్లలు, బీరువాలు, దీపములు మన జిల్లావారి కంటను పడుచున్నవి. తెల్లని గోడ, లేతవన్నె కొయ్య, తక్కువ సామాను: ఇంతవరకు చూచినంతనే తెలియును. ఇవి ఆ ఇండ్లలోనికి ఎందుకు వచ్చినవో తెలియనిచో మనము కొని తెచ్చుకొనునది సామానే గాని వారి విద్య కాదు.

మొదట తెలుపు సంగతి. స్టాక్‌హోము నగరమున డిసెంబరు మాసమందు పగలు సుమారు ఆరు గంటలే. ఆ ఆరు గంటలును సూర్యుడు మింటి యంచుననే నడచి క్రుంకును. వచ్చిన కొంచెపు వెలుతురును గోడలు మ్రింగివేయక గదిలోనికి తిరిగి పంపవలెనని వారు గోడలకు తెలుపు పూసిరి. కిటికీల నుండి బరువైన తెరలను తీసివేసిరి. చుట్టును పైను, బిర్చి చెట్ల అడవులు గలవు గనుక ఇంటిని, సామానును కొయ్యతో చేసికొనిరి. దీర్ఘమైన శీతకాలమును నాలుగు గోడల నడుమనే గడపవలసినవారు గనుక ఆ గోడల నడుమ అడ్డు లేకుండ మసలుటకు చోటు మిగుల్చుకొనిరి. కావున వారి అలంకారమునకు మూలము వారి చలి, వారి చీకటి, వారి అడవి. దానిని ముందుగా ఫ్యాషను అనుకొనుట పొరపాటు.

ఆ దేశములలో పూర్వము సామాన్యుల ఇండ్లు ఎట్లుండెనో చూడగోరువారికి స్టాక్‌హోమునందు 1891లో తెరచిన స్కాన్సెన్ అను ఆరుబయటి ప్రదర్శనశాల కలదు. పల్లెల నుండి పాత ఇండ్లను విప్పి తెచ్చి అచ్చట మరల నిలిపిరి. రైతు ఇంట ముఖ్యముగా ఒకటే పెద్ద గది. మూలను పొయ్యి, గోడ వెంబడి కదలని బల్లపీట, గోడలోనికే అమర్చిన పడక. నడుమనంతయు ఖాళీ; పగలు వడుకుట, నేయుట, భోజనము అచ్చటనే. మన పాత ఇండ్లలో గోడ గూళ్లు, అటకలు, అరుగులు, చుట్టి మూలను నిలిపెడి ఈతచాపలు ఎరిగినవారికి ఈ ఏర్పాటు క్రొత్తగా తోచదు. చిన్న ఇంటికి సామాను శత్రువని ఉభయులును కనుగొనిరి.

పెద్ద ఇండ్లకు రెండు ఉదాహరణములు చెప్పెదము. స్వీడనులోని సూండ్‌బోర్ను అను పల్లెలో 1888లో చిత్రకారుడు కార్ల్ లార్సనునకును అతని భార్య కారిను లార్సనునకును ఆమె తండ్రి ఒక చిన్న ఇంటిని ఇచ్చెను. కారిను కూడ చిత్రలేఖనము నేర్చినదే. వివాహానంతరము ఆమె కుంచెను విడిచి, ఎనిమిదిమంది బిడ్డలను కని, తన కళనంతయు ఆ ఇంటి మీదికి మరల్చినది. తెరలు, దిండ్ల గలీబులు, బల్ల మీది గుడ్డలు స్వయముగా నేసినది, కుట్టినది. కుర్చీలకును బల్లలకును రూపములు గీచి పల్లె వడ్రంగుల చేత చేయించినది. కిటికీ గడపల మీద పూలకుండీలు నిలిపినది. సంసారము పెరిగిన కొలది ఇల్లును పెరిగినది. భర్త ఆ గదులను నీటిరంగులతో చిత్రించి 1899లో పుస్తకముగా వెలువరించగా, ఆ ఇల్లు దేశమునకే ఒక మాదిరి అయ్యెను. చిత్రముల క్రింద సంతకము కార్లుది. అందలి గుడ్డల మీది పనితనము కారినుది. ఈ సంగతిని లోకము చాలకాలమునకు గాని గుర్తింపలేదు.

రెండవది ఫిన్లాండునందలి మైరేయా భవనము. ఐనో ఆల్టో, ఆల్వారు ఆల్టో దంపతులు రూపించిన ఈ భవనము 1939లో పూర్తియయ్యెను. ధనికుల ఇల్లే యైనను అందు చలువరాతి స్తంభములతో ఆర్భాటము చేయలేదు. లోపలి ఉక్కు స్తంభములలో కొన్నింటిని పేముతో చుట్టిరి. చేయి తగులుచోట చల్లని ఇనుము ఉండరాదని వారి భావము. ఐశ్వర్యమును కనుపరచుటకంటె శరీరమునకు హాయి గూర్చుటకు వ్యయము చేయుట ఇందలి విశేషము.

ఇట్టి ఆలోచన ధనికులకును చిత్రకారులకును మాత్రమే చెందరాదని వాదించినవారు ఎల్లెన్ కేయి అను స్వీడను రచయిత్రి. అందము అందరికిని చెందవలెనని, వస్తువు తన పనిని చక్కగా నెరవేర్చుట ఆ అందమునకు పునాది యని ఆమె 1899లో వ్రాసిరి. 1919లో గ్రెగరు పౌల్సను అను పండితుడు నిత్యము వాడుకొను వస్తువే అందముగ నుండవలెనను మాటను ఉద్యమ నినాదముగ చేసెను. పండుగనాడు మాత్రము బీరువా నుండి దిగెడి వెండి పళ్లెరముకంటె దినమునకు మూడుమారులు చేతికి వచ్చెడి చెంబును గూర్చి ముందు ఆలోచింపుమని దాని తాత్పర్యము.

అన్నింటికంటె మనము గమనింపదగినది వంటగది. 1944లో స్వీడనునందు గృహ పరిశోధన సంస్థ ఏర్పడెను. దాని వెనుక గృహిణుల సంఘములు, గృహశాస్త్రము బోధించు ఉపాధ్యాయినులు నిలిచిరి. వంట చేయు స్త్రీ ఎన్ని అడుగులు నడచుచున్నది, ఎంత వంగుచున్నది, చేయి ఎంత ఎత్తునకు చాపుచున్నదని వారు కొలిచిరి. యంత్రశాలలో కార్మికుని పనిని కొలిచినట్లే ఇంటి పనిని కొలిచి, అదియు పనియే యని నిరూపించిరి. గట్టు ఎత్తు, తొట్టి లోతు, బీరువా వెడల్పు అను కొలతలు ఇట్టి పరిశోధనల నుండి ప్రమాణములుగా స్థిరపడెను. అదే కాలమున, 1944-45 సంవత్సరములలో, ఫిన్లాండునందు మైయు గెబ్‌హార్డు అను గృహశాస్త్ర నిపుణురాలు ఒక గిన్నెల బీరువాను రూపించెను. కడుగు తొట్టికి సరిగా పైన, అడుగు పలక లేని బీరువా అది; లోపల తీగెల అరలు. కడిగిన పాత్రలను అందుంచినచో నీరు తొట్టిలోనికి కారిపోవును, తుడుచు పని తప్పును. నేటికిని ఫిన్లాండు వంటిండ్లలో ఇది సర్వసాధారణము. కడిగిన గిన్నెలను బుట్టలో బోర్లించు మనకు ఈ యుక్తి కొత్త కాదు. ఆ బుట్టకు కడుగు తొట్టి మీదనే స్థిరమైన చోటు కల్పించుట ఆమె బుద్ధి.

ఇక మన ఊరికి వత్తము. కొడంగల్, తాండూరు తాలూకాలు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో నుండి, నేడు వికారాబాదు జిల్లాలో చేరియున్నవి. స్కాండినేవియా వారికి అడవి యెట్టిదో మనకు భూమి క్రింది బండ అట్టిది. తాండూరు చుట్టుప్రక్కల దొరకు నాపరాయి సున్నపురాతి జాతికి చెందినది. పొరలు పొరలుగ ఏర్పడినందున పలకలుగా చీలును. నీలిబూడిద వన్నెది ఒకటి, పసుపు వన్నెది మరియొకటి. కర్ణాటకపు షాబాదు బండయు దీనికి చుట్టమే. నేల పరుపు, గోడ గూటి పలక, వంట గట్టు, జలదారి, పెరటి ప్రహరి, అన్నింటికి ఈ బండయే మనకు ఆధారము. ఇట్టి రాయి గుమ్మము ముందర నుండగా, గుజరాతులోని మోర్బీ నుండి లారీలలో వచ్చిన నిగనిగలాడు టైల్సును పరచుట గౌరవమని తలచువారు పెరుగుచున్నారు. నున్నని టైల్సు మీద నీరు పడెనా, వృద్ధురాలైన అత్తగారికిని, నెలలు నిండిన కోడలికిని ప్రమాదము. గరుకుగా నుంచిన బండ కాలికి పట్టునిచ్చును, వేసవిలో అడుగునకు చల్లగా తగులును. పడకటింటికి మెరుగు పట్టించినను, నీళ్లు పడుచోట గరుకుదనమే మేలు.

ఒక్క జాగ్రత్త యున్నది. సున్నపురాతికి పులుపు గిట్టదు. చింతపండు పులుసు, నిమ్మరసము పడినచో వెంటనే తుడువవలెను. మరుగుదొడ్లకు వాడు యాసిడుతో ఈ బండను ఎన్నడును కడుగరాదు. మెరుగు పోయి మచ్చ మిగులును. వంటగట్టు మీద పులుసు గిన్నె క్రింద ఒక కొయ్య పీట వేసికొనిన చాలును.

వెలుతురు విషయమున వారి సూత్రమును తలక్రిందులుగా గ్రహింపవలెను. వారికి ఎండ కరవు, మనకు ఎండ మిక్కుటము. వారి ఇండ్ల బొమ్మలను చూచి పడమటి గోడకు పెద్ద అద్దపు కిటికీ పెట్టించినచో చైత్ర వైశాఖములలో ఆ గది కొలిమి యగును. మనకు వలసినది నీడతో కూడిన వెలుతురు: ఎదురెదురుగా కిటికీలు, వాని పై చూరు, వేడిగాలి పోవుటకు గోడ పైభాగమున చిన్న సందులు. తెలుపు మాత్రము మనకును పనికివచ్చును. మిద్దె మీద పూసిన సున్నము ఎండను త్రిప్పికొట్టును. చీకటి గది లోపల పూసిన సున్నము ఉన్న వెలుతురును పంచును.

కారిను లార్సను మగ్గము మన ఇండ్లకు దూరమైనను మన పొరుగున నారాయణపేట చేనేత యున్నది. అంచు చినుగని పాత నారాయణపేట చీరలో ఒక కిటికీ తెరయు, రెండు దిండ్ల గలీబులును దాగియున్నవి. చలికాలపు గొంగడి పగటిపూట చెక్కబల్ల మీద పరచిన పరుపగును. పాత చీరల బొంత ఏ అంగడి దుప్పటికిని తీసిపోదు. వీనిని దాచిపెట్టి, అతిథుల కొరకు ప్లాస్టికు పూలు పెట్టుట తగదు.

ఇల్లు కట్టుకొనునపుడు, లేక బాగుచేయించునపుడు ఖర్చు వరుస యెట్లుండవలెనో మా అభిప్రాయము విన్నవించుచున్నాము. సాధారణముగ మొదటి రూపాయి ముందరి గదికి పోవును: పైకప్పు క్రింద మరియొక అలంకారపు కప్పు, రంగు దీపములు, గాజు తలుపుల బీరువా. దీనికై అప్పు చేసినవారును కలరు. మిగిలిన డబ్బుతో మూలనున్న వంటింటిని ముగింతురు. ఇల్లాలు దినమున ఎక్కువ గంటలు ఆ మూలనే గడపును. తీర్చవలసిన అప్పులో ఆమె పొదుపు సంఘపు ఋణమును ఉండును. ఈ వరుసను మార్చవలెను. మొదటి రూపాయి వంటింటి కిటికీకి, పొగ పోవు దారికి, నీళ్లు దగ్గరగా వచ్చు ఏర్పాటునకు పోవలెను.

గట్టు ఎత్తును మేస్త్రీ అలవాటునకు విడువరాదు. వంట చేయునామె నిలువబడి మోచేతిని మడువవలెను. ఆ మోచేతికి 4 మొదలు 6 అంగుళములు క్రిందుగా గట్టు పైభాగము ఉన్నచో నడుమునకు, భుజములకు శ్రమ తగ్గును. పిండి కలుపుటకు, నూరుటకు ఇంకను కొంచెము దిగువ చోటు మేలు. అత్తాకోడండ్రలో ఒకరు పొడవు, ఒకరు పొట్టియైనచో, ఎక్కువసేపు వండునామె కొలతను తీసికొని రెండవవారికి ఒక పీట వేయవచ్చును. పొయ్యి, నీళ్ల తొట్టి, పప్పు బియ్యముల అర అను మూడును నాలుగడుగుల నడకలో అందవలెను. తొట్టి పైన బండ పలకకు బదులు తీగెల అర వేయించుటకు పెద్ద వ్యయము కాదు.

ఒక అర్రలో కాపురమున్నవారికి ఇవన్నియు సాధ్యములా యని అడుగవచ్చును. గోడలో రెండు గూళ్లు, మంచము క్రింద పెట్టె, నడుమ ఖాళీ, సున్నము కొట్టిన గోడ, కిటికీ వద్దకు జరిపిన పొయ్యి: ఇవి ఒక అర్రలోను సాధ్యములే. పెద్ద ఇంటివారికి మా మనవి వేరొకటి. గదులు ఎన్ని యున్నను, ఇంటి ఆడువారు కూర్చుండి చదువుకొనుటకు వెలుతురుగల ఒక మూలను వారి పేరనే విడువుడు.

రేపు మేస్త్రీ దారము పట్టుకొని వచ్చినపుడు ఇంటిలోని మగవారితోపాటు ఇల్లాలును అచ్చట నిలువవలెను. ఆమె చేయి చాపి ఎత్తు చూపవలెను. కిటికీ ఎచ్చట కావలెనో ఆమెయే చెప్పవలెను. గోడ లేచిన పిమ్మట చెప్పిన మాటకు ఖర్చు ఎక్కువ. సుద్దముక్కతో నేల మీద గీత గీయుటకు ఖర్చేమియు లేదు.