మదర్‌బోర్డు మారిస్తే చప్పుడు తగ్గుతుందా?

మదర్‌బోర్డుకి ఆ పేరు ఊరికే రాలేదు. చిన్న చిన్న కార్డులన్నీ దాంట్లోనే గుచ్చుకుంటాయి. వాటిని డాటర్‌బోర్డులు అనేవాళ్ళు. కూతుళ్ళు ఉన్నాక తల్లి ఉండాలి కదా, అదే మదర్‌బోర్డు. ఇంట్లో అమ్మలాగే దీనికీ పెద్దగా గుర్తింపు ఉండదు. గేమ్ స్మూత్‌గా నడిస్తే పేరు గ్రాఫిక్స్ కార్డుకి, కోడ్ తొందరగా కంపైల్ అయితే పేరు ప్రాసెసర్‌కి. ఏదైనా తేడా కొడితే మాత్రం ముందు మన నోట్లోంచి వచ్చేది "బోర్డు పోయిందేమో మామా" అనే.

ఈ మధ్య జూనియర్లు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "అన్నా, సిస్టమ్ స్పీడ్‌గా ఉండాలి, సౌండ్ రాకూడదు. ఏ మదర్‌బోర్డు కొనాలి?" యూట్యూబ్‌లో దీనికి వంద జవాబులు ఉన్నాయి. కానీ ఆ వీడియోల్లో చాలావరకు ఏసీ గదుల్లోనో, చల్లటి దేశాల్లోనో టెస్ట్ చేసినవి. మనది తిరుపతి. మేలో 42 డిగ్రీలు దాటడం మనకి కొత్త కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇంక ప్రాసెసర్ ఎంత! అందుకే ఈ జవాబుని మన గదిలోనే వెతుక్కోవాలి.

ఉదాహరణగా మా క్లాస్‌మేట్ సంగతి తీసుకుందాం. వాళ్ళ నాన్న తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు డ్రైవర్. తెల్లవారుజాము డ్యూటీ ఉన్న రోజుల్లో పగలే పడుకుంటారు. ఇల్లు రెండు గదులు. ఆయన ఒక గదిలో, పక్క గదిలో మావాడి డెస్క్‌టాప్. ప్రాజెక్టు కోసం డేటా ప్రాసెసింగ్ మొదలుపెట్టగానే "ఏంరా, మిక్సీ మాదిరి ఆ అరుపు?" అంటారు. వాడు ఆపేస్తాడు. మలుపుల రోడ్డు మీద బస్సు నడిపే మనిషికి నిద్ర ముఖ్యం, వాడికి ప్రాజెక్టు ముఖ్యం. వాడి దగ్గరున్నది ఏ320 బోర్డు, రైజన్ 5 2600, 16 జీబీ డీడీఆర్4, చిన్న జీటీఎక్స్ 1650 కార్డు. ప్రాసెసర్‌తో పాటు వచ్చిన పొట్టి కూలరే ఇప్పటికీ వాడుతున్నాడు.

ముందు లెక్క చూద్దాం

మదర్‌బోర్డు తనంతట తాను దాదాపు చప్పుడు చెయ్యదు. చప్పుడు ఫ్యాన్లది. ఫ్యాన్ ఎందుకు తిరుగుతుంది? వేడి వల్ల. వేడి ఎక్కడిది? వాట్ల వల్ల. కాబట్టి వాట్ల దగ్గర మొదలుపెట్టాలి. ఫస్టియర్ ఫిజిక్స్ చాలు:

ప్రాసెసర్ వేడి = గది వేడి + (వాట్లు × కూలర్ నిరోధం)

ఒక మామూలు టవర్ కూలర్, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, ఒక్కో వాట్‌కి 0.4 డిగ్రీలు పెరుగుతుంది అనుకుందాం. ఇప్పుడు రెండు ప్రాసెసర్లు తీసుకోండి. రైజన్ 7 5700ఎక్స్, రైజన్ 7 5800ఎక్స్. రెండింటికీ 8 కోర్లు, 16 థ్రెడ్లు. గరిష్ఠ వేగం ఒకదానికి 4.6 గిగాహెర్ట్జ్, ఇంకోదానికి 4.7. కానీ డబ్బా మీద మొదటిది 65 వాట్లు, రెండోది 105 వాట్లు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫుల్ లోడ్‌లో సాకెట్ నుంచి లాగే పవర్‌కి పరిమితి అది కాదు. 5700ఎక్స్ 76 వాట్ల దాకా, 5800ఎక్స్ 142 వాట్ల దాకా పోతుంది.

22 డిగ్రీల గదిలో మొదటిది 22 + 30 = 52 డిగ్రీలు, రెండోది 22 + 57 = 79 డిగ్రీలు. రెండూ ఓకే. అందుకే ఆ వీడియోల్లో రెండూ నిశ్శబ్దంగానే ఉంటాయి.

అదే మన ఇంట్లో, మే నెల మధ్యాహ్నం, గది 36 డిగ్రీలు అనుకోండి. మొదటిది 66 డిగ్రీలు. రెండోది 93. ఈ ప్రాసెసర్ల పరిమితి 90 డిగ్రీలు. అంటే ఆ నెమ్మది ఫ్యాన్‌తో రెండోది నడవదు. ఫ్యాన్ పూర్తి స్పీడ్‌కి పోవాలి, లేదా ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకోవాలి. పైగా క్యాబినెట్ లోపల గాలి గదికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువే వేడిగా ఉంటుంది.

100 మెగాహెర్ట్జ్ కోసం 66 వాట్లు. మన ఊరి వాతావరణంలో ఆ 66 వాట్ల పేరే చప్పుడు. ఇప్పటికే 105 వాట్ల ప్రాసెసర్ ఉన్నవాళ్ళు బయోస్‌లో ఎకో మోడ్ పెట్టుకోవచ్చు. కొద్దిగా వేగం పోయి చాలా ప్రశాంతత వస్తుంది.

ఫ్యాన్ లెక్క ఇంకా బాగుంటుంది

ఫ్యాన్ వేగాన్ని సగం చేస్తే గాలి సగమవుతుంది. కానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఎందుకంటే చప్పుడు పవర్ దాదాపు వేగం ఐదో ఘాతంతో పెరుగుతుంది. మరి సగం గాలి సరిపోతుందా అంటే, అలాంటి ఫ్యాన్ ఇంకోటి పెట్టండి. గాలి మళ్ళీ మొదటికి వస్తుంది, చప్పుడు 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. మొత్తం మీద 12 డెసిబెల్స్ లాభం. చెవికి 10 డెసిబెల్స్ తగ్గితే దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది.

అంటే ఒక ఫ్యాన్ గోల పెట్టేకన్నా రెండు మూడు ఫ్యాన్లు మెల్లగా తిరగడం మేలు. ఆ ఫ్యాన్లు ఎక్కడ గుచ్చాలి, ఎంత వేగంతో తిప్పాలి అని చెప్పేది ఎవరు? మదర్‌బోర్డు. ఇన్ని లెక్కల తర్వాత మన తల్లిగారు రంగంలోకి వచ్చింది ఇక్కడే.

బోర్డులో చూడాల్సినవి

ఒకటి, ఫ్యాన్ కనెక్టర్లు. చాలా చవక బోర్డుల్లో రెండే ఉంటాయి. ప్రాసెసర్‌కి ఒకటి, క్యాబినెట్‌కి ఒకటి. నాలుగైనా ఉన్న బోర్డు చూడండి. నాలుగు పిన్నుల ఫ్యాన్‌ని బోర్డు పీడబ్ల్యూఎం సిగ్నల్‌తో నడుపుతుంది, మూడు పిన్నుల దాన్ని వోల్టేజ్ తగ్గించి నడపాలి. ప్రతి కనెక్టర్‌లో ఈ రెండు మోడ్‌లూ ఉండాలి. లేకపోతే మీ పాత మూడు పిన్నుల ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడే.

రెండు, ఫ్యాన్ కర్వ్. బయోస్‌లో ఎంత వేడికి ఎంత వేగం అని గీసుకునే గ్రాఫ్ ఇది. కంపెనీ పెట్టిన కర్వ్ చాలా బోర్డుల్లో 50 డిగ్రీల దగ్గరే లేవడం మొదలుపెడుతుంది. మన వేసవిలో ఊరికే బ్రౌజర్ తెరిచినా ప్రాసెసర్ 50 దాటుతుంది, అందుకే రోజంతా ఆ హోరు. 65 డిగ్రీల దాకా 40 శాతం వేగం, 75 దగ్గర 60 శాతం, 85కి 100 శాతం అని పెట్టి చూడండి. ఇంకోటి, "స్టెప్ అప్" టైమ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. వేడి కొన్ని సెకన్లు నిలబడితేనే వేగం పెంచమని చెప్తుంది. ఇది లేని బోర్డులో ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఫ్యాన్ ఉలిక్కిపడుతుంది. ఒకే తీరుగా వచ్చే చప్పుడుకి మనిషి నిద్రపోతాడు, లేచి పడే చప్పుడుకి పోలేడు.

మూడు, వీఆర్ఎం. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులని ప్రాసెసర్‌కి కావాల్సిన సుమారు 1.2 వోల్టులకి తగ్గించే సర్క్యూట్ ఇది. వోల్టేజ్ తగ్గితే కరెంట్ పెరగాలి కదా. 65 వాట్ల రైజన్‌కి నిలకడగా 60 ఆంపియర్ల దాకా పోవచ్చు. ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ లాగేది 7 ఆంపియర్లు అటూఇటూ. వీఆర్ఎం 90 శాతం సమర్థంగా పనిచేసినా 10 వాట్ల దాకా అక్కడే వేడిగా మారుతుంది. దాని మీద అల్యూమినియం హీట్‌సింక్ లేకపోతే ఆ వేడిని ఊదడానికి మళ్ళీ ఫ్యానే దిక్కు. కాబట్టి హీట్‌సింక్ ఉన్న బోర్డు కొనండి. అలాగని 16 ఫేజ్‌లు, గాజు పలకలు, రంగు లైట్లు అక్కర్లేదు. 76 వాట్లకి మధ్యరకం బోర్డు చాలు.

నాలుగు, బోర్డు మీదే ఫ్యాన్ ఉందేమో చూడండి. 2019లో వచ్చిన ఎక్స్570 బోర్డుల్లో చాలావాటికి చిప్‌సెట్ మీద చిన్న ఫ్యాన్ ఉంటుంది. చిన్న ఫ్యాన్ సన్నగా కీచుమంటుంది. 2020లో వచ్చిన బి550కి ఆ బాధ లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్570 చవగ్గా కనిపిస్తే ఇది గుర్తుపెట్టుకోండి.

మరి మావాడు ఏం చెయ్యాలి?

వాడి ముందు మూడు దార్లు ఉన్నాయి.

మొదటిది, బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మాత్రం మార్చడం. ఏ320 బోర్డుల మీద రైజన్ 5000 సిరీస్ నడిచేలా ఏఎండీ 2022లో దారి తెరిచింది. మీ బోర్డు మోడల్‌కి కొత్త బయోస్ వచ్చిందా లేదా అన్నది తయారీదారు సపోర్ట్ పేజీలో చూసుకోవాలి. అన్నిటికన్నా తక్కువ ఖర్చు ఇదే. కానీ రెండు ఫ్యాన్ కనెక్టర్లు, హీట్‌సింక్ లేని వీఆర్ఎం అలాగే ఉంటాయి. వేగం వస్తుంది, నిశ్శబ్దం సగమే వస్తుంది.

రెండోది, బి550 బోర్డు, 5700ఎక్స్, ఒక 120 మిల్లీమీటర్ల టవర్ కూలర్. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు, అది విడిగా కొనాలి. పాత ర్యామ్, కార్డు, ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై అన్నీ పనికొస్తాయి. 6 కోర్ల నుంచి 8 కోర్లకి పోతాడు, వాట్ల క్లాసు మాత్రం అదే 65. పీసీఐఈ 4.0 కూడా వస్తుంది. అయితే 5600జీ, 5700జీ లాంటివి కొంటే బి550 మీద కూడా పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతారు.

మూడోది, ఏఎం5. బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్5 ర్యామ్ మూడూ కొత్తవి కావాలి. 2022లో వచ్చిన సాకెట్ కాబట్టి ముందుముందు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంది. ఏఎం4లో ఇంక ఆ ఆశ తక్కువ. కొత్తగా మొదటిసారి సిస్టమ్ కడుతున్నవాళ్ళు ఇటే చూడాలి. చేతిలో డీడీఆర్4 ఉన్నవాళ్ళకి ఇది ఇల్లు పీకి పందిరి వేసినట్టే.

మేమందరం కూర్చుని వాడికి చెప్పింది రెండోది. కానీ వరస మాత్రం మార్చాం. ముందు దుమ్ము దులిపి ఫ్యాన్ కర్వ్ సరిచెయ్యాలి, దానికి పైసా ఖర్చు లేదు. తర్వాత టవర్ కూలర్. ఏఎం4 కూలర్లు చాలావరకు ఏఎం5కి కూడా సరిపోతాయి, కాబట్టి ఆ డబ్బు ఎక్కడికీ పోదు. అప్పటికీ చప్పుడు ఉంటేనో, వేగం చాలకపోతేనో బోర్డూ ప్రాసెసరూ కలిపి. చాలామంది ఆఖరి మెట్టు మొదట ఎక్కుతారు.

ఒక మాట: మీ పని ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీద నడిస్తే, ఆ కార్డు ఫ్యాన్లు బోర్డు మాట వినవు. దాని పవర్ లిమిట్ విడిగా తగ్గించుకోవాలి.

కొనేటప్పుడు

మన వైపు నుంచి చాలామంది చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోతారు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్న మాట ఎక్కడ వినబడినా లొంగకండి. మదర్‌బోర్డుకి మామూలుగా మూడేళ్ళ వారంటీ ఉంటుంది, అది బిల్లుతోనే బతుకుతుంది. ఏఎం5, ఇంటెల్ బోర్డుల్లో సన్న పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి. వంగిన పిన్నులకి వారంటీ మామూలుగా వర్తించదు, అందుకే షాపులోనే మూత తీయించి ఫోటో తీసుకోండి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి, దాన్ని తిప్పి చూడండి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు అయితే ఇంకా మంచిది. బోర్డు మారిస్తే విండోస్ మళ్ళీ యాక్టివేషన్ అడుగుతుందని కూడా తెలుసుకుని ఉండండి.

బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోతే బోర్డు మూగబోవచ్చు. బ్యాటరీలు తయారయ్యే కరకంబాడి మన పక్కనే ఉన్నా మనలో చాలామంది ఇళ్ళల్లో యూపీఎస్ ఉండదు. ఆ పది నిమిషాలకి యూపీఎస్ ఉన్న ఫ్రెండ్ ఇంటికి క్యాబినెట్ మోసుకుపోయినా తప్పు లేదు.

డబ్బులు కట్టేముందు ఆ బోర్డు మాన్యువల్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి రెండు పేజీలు చదవండి: ఫ్యాన్ కనెక్టర్ల పేజీ, బయోస్‌లో ఫ్యాన్ సెట్టింగుల పేజీ. డబ్బా మీద మెరిసే బొమ్మలు చెప్పని సంగతులు అక్కడుంటాయి.