మాత్ర మింగిన పదో రోజు

ముళబాగిలు బస్టాండు దగ్గరున్న నా మందుల అంగడికి బెంగుళూరు నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి నుంచి డిప్రెషన్ మాత్రల చీటీలతో వచ్చే కొందరు పదో రోజుకే అడుగుతారు: "అన్నా, నిద్దర పడతా ఉంది గానీ మనసు అట్లే ఉంది. మాత్రలు నిలిపేద్దునా?"

వద్దక్కా, మనసు కుదుటపడడానికి వారాలు పడుతుంది, అంటాను. ఎందుకో చెబుతా.

మెదడులో బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీను ఉంది. నరకణాలు బతికుండడానికి, కొత్త కొమ్మలు వేసి ఒకదాన్నొకటి అందుకోవడానికి తోడ్పడే ఎదుగుదల కారకం. 1982లో ఈవ్ అలాన్ బార్డె బృందం పంది మెదడు నుంచి దాన్ని వేరుచేసింది. డిప్రెషన్ ఉన్నవాళ్ల రక్తంలో ఇది సగటున తక్కువ. చికిత్సతో చాలామందిలో పెరుగుతుంది. మాత్ర సెరొటోనిన్‌ను గంటల్లోనే తాకుతుంది, కణాల అల్లిక సర్దుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఆలస్యానికి అదొక కారణమని శాస్త్రవేత్తల ఆలోచన.

నిమ్హాన్స్‌లోనే డాక్టర్ గంగాధర్ బృందం డిప్రెషన్ రోగులను మూడు నెలలు గమనించింది. యోగా చేసినవాళ్లలో దిగులు తగ్గడంతోపాటు బీడీఎన్ఎఫ్ పెరిగిందని 2013లో ప్రచురించింది. మన పక్క ఊళ్లో జరిగిన పని ఇది, నాకు గర్వంగా ఉంటుంది. అట్లాగని చీటీ పక్కన పడేసి చాప పరచొద్దు. ఈ ప్రొటీను కోసం రక్తపరీక్షకు డబ్బు పెట్టొద్దు. డిప్రెషన్ దానితో తేలేది కాదు. మాత్ర పడకపోతే రాసిన డాక్టరుకే చెప్పండి. రాత్రి గుబులైతే మానసిక సాయం కోసం ఉన్న సర్కారు ఫోను సేవ టెలిమానస్ 14416కి ఫోను చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.