ఎండపూట కారు ఎందుకు బద్ధకిస్తుంది?



కారు సంగతి మగవాళ్ళ సంగతి కదా, మన కార్యక్రమంలో దానికేం పని అని మీలో కొందరైనా అనుకోవచ్చు. మా తాడిపత్రిలో ఇప్పుడు పిల్లల్ని బడి దగ్గర దింపేదీ, అత్తమామల్ని ఆస్పత్రికి తీసుకుపోయేదీ చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళే. స్టీరింగు మన చేతికొచ్చాక బండి గుణం కూడా మనకు తెలియాలి గదా!

పోయిన ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం, అత్తమ్మకు కళ్ళు చూపించడానికి అనంతపురం బయలుదేరాం. వెనక సీట్లో అత్తమ్మ, పిల్లలిద్దరూ, తోడుగా పక్కింటి పెద్దమ్మ. డిక్కీ నిండా సామాను. ఏసీ పూర్తిగా పెట్టాను. ఊరు దాటగానే ముందొక బండల లారీ. మా ఊరి నాపరాళ్ళ లోడంటే లారీది ఎద్దుబండి నడకే. ఎదురుగా దూరంలో బస్సు కనిపిస్తోంది. చలికాలంలో ఇదే రోడ్డు మీద, ఇంతే ఎడం చూసుకుని ఎన్నోసార్లు దాటాను. ఆ ధైర్యంతోనే కుడివైపుకొచ్చి యాక్సిలరేటరు తొక్కాను. బండి అరిచిందే గాని ఉరకలేదు. లారీ పక్కకు వచ్చేసరికి బస్సు మీదికొచ్చేసింది. ఆ లారీ డ్రైవరు, ఎవరో మహానుభావుడు, వేగం తగ్గించి చోటివ్వబట్టి బయటపడ్డాం. అత్తమ్మ ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు మెకానిక్కుకు చూపిస్తే, "బండి బాగానే ఉండాదక్కా. ఎండకు అట్లనే ఉంటాది" అన్నాడు. ఎందుకుంటుందో మాత్రం చెప్పలేదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మా తమ్ముడేమో, "ఊరికే అనుకోవడమెందుకక్కా, గడియారం పెట్టి చూద్దాం పా" అన్నాడు.

ఊరి బయట ప్లాట్లు వేసి, రోడ్లు పోసి, ఇళ్ళింకా లేవని వెంచరొకటి ఉంది. యజమానిని అడిగి అక్కడికి పోయాం. జనం తిరిగే రోడ్డు మీద ఇలాంటివి చేయకండి. మూడో గేరులో 20 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోతూ, ఒక్కసారి పూర్తిగా తొక్కి, 60 అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం, అంతే. నేను నడిపితే వాడు పక్కన కూర్చుని ఫోనులో కాలం చూశాడు. కారు ముల్లు ఒకటి రెండు కిలోమీటర్లు ఎక్కువ చూపినా ఫర్వాలేదు, రెండుసార్లూ అదే ముల్లు గదా. కాని మిగతావన్నీ సమానంగా ఉండాలి. అదే ఇద్దరు మనుషులు, అంతే పెట్రోలు, టైర్లలో అంతే గాలి. పోయేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు చూసి సగటు కట్టాం. ఒకే దిక్కున చూస్తే గాలివాటమో, కంటికి కనబడని పల్లమో మనల్ని మోసం చేస్తుంది.

మే మధ్యాహ్నం ఏసీతో 12 సెకన్లు పట్టింది. ఏసీ ఆపితే 11 చిల్లర. మళ్ళీ డిసెంబరులో తెల్లవారి పోతే 10 సెకన్లు. ఇది మా పాత చిన్న పెట్రోలు కారు లెక్క. మీ బండికి వేరుగా ఉంటుంది.

రెండు సెకన్లేగా అంటారేమో. మనం 70లో, ఎదురు బస్సు 80లో ఉంటే, ఆ రెండు సెకన్లలో మధ్య దూరం 80 మీటర్లకు పైగా తరిగిపోతుంది. పైగా ఆ రోజు బండిలో ఉన్నది ఇద్దరం కాదు, ఐదుగురం.

ఇంతకీ కారణమేమిటి? శేరు నిండా బియ్యం పోస్తే ఒక బరువు, అదే శేరు నిండా బొరుగులు పోస్తే ఇంకొక బరువు. ఇంజను కూడా ప్రతిసారీ శేరుతో కొలిచినట్టే గాలి పీల్చుకుంటుంది. చల్లని గాలి బియ్యమైతే వేడి గాలి బొరుగులు. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల్లో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1,225 గ్రాములు తూగుతుంది. అదే 42 డిగ్రీలకు వేడెక్కితే 1,120 గ్రాములే. కిలో పెట్రోలు సరిగా కాలాలంటే పదిహేను కిలోలకు కాస్త తక్కువ గాలి కావాలి. గాలి తగ్గితే దానికి తగ్గట్టు పెట్రోలూ తగ్గించాలి, బలమూ తగ్గుతుంది. ఊదుగొట్టంతో పొయ్యి ఊదినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి కూడా ఉంది. వేడి గాలితో ఇంజనులో పెట్రోలు అదుపు తప్పి ముందే అంటుకుని కొట్టుకునే ప్రమాదముంది. అందుకని ఈనాటి బండ్లలో ఉండే కంప్యూటరు నిప్పురవ్వను కొంచెం ఆలస్యం చేస్తుంది. ఇంజను బతుకుతుంది, ఊపు తగ్గుతుంది. ఏసీ తినేది వీటికి అదనం. అంబాసిడర్లు, ఫియట్ల కాలంలో ఇంకా అవస్థ. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి ఆగిపోతే, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసుకుని చెట్టు కింద కూర్చునేవారు.

బెంగళూరు చల్లనిది గదా, అక్కడ బండి దూకుతుందనుకుంటారు. ఆ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. లెక్క కడితే, 20 డిగ్రీల బెంగళూరు ఉదయపు గాలీ, 42 డిగ్రీల మా ఊరి గాలీ తూకంలో దాదాపు సమానం! నాకూ మొదట నమ్మకం కలగలేదు. టర్బో ఉన్న ఇంజనైతే గాలిని నొక్కి లోపలికి పంపుతుంది గనుక ఎత్తు దానికంతగా అడ్డం కాదు. వేడి మాత్రం దాన్నీ కొంత కుంగదీస్తుంది.

మా పాత అనంతపురం జిల్లాలోనే, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఏ కంపెనీ కారైనా సరే, ఇంజను బలాన్ని అంతర్జాతీయ పద్ధతిలో లెక్కగట్టేటప్పుడు 25 డిగ్రీల వేడికి సరిచేసి చెబుతారు. కాగితంలో అచ్చయిన గుర్రాల బలం ఆ 25 డిగ్రీలది, మన రోహిణి కార్తెది కాదు. కంపెనీలు చలికి స్వీడన్‌లోని ఆర్యెప్లోగ్‌లోనూ, వేడికి అమెరికాలోని డెత్ వ్యాలీలోనూ బండ్లను పరీక్షిస్తుంటాయి. డెత్ వ్యాలీ అంటే చావు లోయ అని అర్థం. మా ఊరికి అంత పేరు పెట్టలేదు, సంతోషం.

ఇక ఆషాఢం గాలి. 60లో పోతున్న బండికి 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే దానికి గాలి 80లో కొట్టినట్టే. గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. ఆ రోజుల్లో లారీ చాటు నుంచి పక్కకు రాగానే బండి ఒక్కసారి వెనక్కి లాగినట్టనిపిస్తుంది. భయపడి స్టీరింగు తిప్పేయకండి.

వానలో పరీక్ష మేము చేయలేదు, చేయబోము కూడా. అప్పుడు లోటు ఇంజను బలానికి కాదు, టైరు పట్టుకు. పైగా ఎంత తొక్కితే అంతగా జారుతుంది. అందులోనూ తొలకరి చినుకులు మరీ చెడ్డవి. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న నూనె, దానికి తోడు మా పాలిష్ ఫ్యాక్టరీల బండల పొడి, రెండూ కలిసి సబ్బునీళ్ళవుతాయి. గట్టివాన కురిసి కడిగేదాకా లారీ వెనకాలే పోవడం మేలు.

ఇప్పుడు నేను మే నెలలో లారీని దాటాల్సివస్తే, ముందు ఏసీ ఆపేస్తాను, గేరు ఒకటి దించుతాను, చలికాలంలో సరిపోయే ఎడానికి రెండింతలు కనబడితేనే పక్కకొస్తాను. లేదంటే ఆ దుమ్ములోనే అనంతపురం దాకా పోతాను. పిల్లలు చెమటలు కారుతున్నాయని గోల పెడతారు. వెనక నుంచి అత్తమ్మ, "ఊరకుండండ్రా, మీయమ్మ లెక్క మీయమ్మకుంది" అంటుంది.