సముద్రం లేని ఊళ్లో సముద్రం కబుర్లు ఎలా తెలుస్తాయి?

హైదరాబాద్‌కు ఒక చివర ఉన్న మన మేడిపల్లి నుంచి దగ్గరి సముద్ర తీరానికే 250 కిలోమీటర్లకు పైన ప్రయాణం. అయినా బంగాళాఖాతం లోతుల్లో నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో చెప్పే శాస్త్రవేత్తలు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. నగరానికి అటు చివర, ప్రగతినగర్‌లో, 1999లో మొదలైన ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఉంది. కొలిచే పరికరాలు సముద్రంలో ఉంటాయి, కబురు ఉపగ్రహం మీదుగా వస్తుంది. అందుకే ఆఫీసు ఒడ్డునే ఉండాలని లేదు.

ఆ పరికరాల్లో నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఆర్గో ఫ్లోట్. మనిషంత పొడవు గొట్టం, పైన యాంటెన్నా. ఇది 1000 మీటర్ల లోతుకు దిగి, ప్రవాహంతో పాటు కొట్టుకుపోతూ ఉంటుంది. తర్వాత 2000 మీటర్ల దాకా మునిగి, అక్కడి నుంచి పైకి వస్తూ దారి పొడవునా నీటి వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తుంది. మోటారు రెక్కలేవీ లేకుండా ఎలా లేస్తుంది? లోపలి నూనెను బయటి రబ్బరు సంచిలోకి పంపు చేస్తుంది. బరువు మారదు, పరిమాణం పెరుగుతుంది, అంతే, తేలుతుంది! పది రోజులకోసారి ఇదే పని. తుపానుకు బలమిచ్చేది వెచ్చని నీరే కాబట్టి ఈ కొలతలు చాలా విలువైనవి.

మరి చేపలు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది? ఉపగ్రహం చేపల్ని చూడలేదు. నీటి రంగును బట్టి సూక్ష్మ మొక్కలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో పసిగడుతుంది. మేత ఉన్నచోటికే చేపలు చేరతాయి. ఆ చోట్లను ఇన్‌కాయిస్ మత్స్యకారులకు తెలుగులోనూ చెబుతుంది.

ఈసారి తుపాను వార్త వింటే ఇన్‌కాయిస్ వెబ్‌సైట్‌లో అలల ఎత్తు పటం తెరిచి చూడండి.