పందెపు మైదానంలో పిడుగు

పిల్లలూ! మీలో సూర్యాపేట, కోదాడ వైపు వారెవరైనా విజయవాడ రోడ్డున హైదరాబాదు నగరంలోకి వెళితే దారిలో మలకపేట తగులుతుంది. అక్కడ గుర్రప్పందాల మైదానం ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో ఈ పందాలను మౌలాలీ నుంచి మలకపేటకు మార్పించాడు. ఇప్పటికీ వానాకాలంలో అక్కడ పందాలు జరుగుతాయి. వానాకాలమంటే ఉరుములూ మెరుపులూ తప్పవు గదా! చుట్టూ చెట్టూ చేమా లేని మైదానం, మధ్యలో గుర్రం, దానిమీద మనిషి. ఆ చుట్టుపక్కల అంతకంటె ఎత్తైనది మరొకటి ఉండదు. పిడుగుకు కావలసింది అదే!

ఇది ఉత్త భయం కాదు. ఇంగ్లండులో ఆస్కాట్ అనే చోట పేరుమోసిన గుర్రప్పందాలు జరుగుతాయి. 1955లో రైల్వే సమ్మె వచ్చి, జూనులో జరగవలసిన పందాలు జులైకి వాయిదా పడ్డాయి. జులై 14న జనం కిక్కిరిసి ఉండగా గాలివాన ముంచుకొచ్చి పిడుగు పడింది. అక్కడి ఇనుప కంచె వెంట విద్యుత్తు ప్రవహించి, దాని దగ్గరున్న వాళ్లు గడ్డి పరకల్లాగా నేల కూలారు. ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. ఇందులో మనం గమనించవలసింది ఒకటి ఉన్నది: పిడుగు ప్రతి మనిషి నెత్తిమీదా పడలేదు. ఒకచోట పడి, అందరినీ కొట్టింది!

అదెట్లాగో చూద్దాం. ఉరుములమబ్బు లోపల మంచుపలుకులూ చిన్న చిన్న వడగళ్లూ గాలికి పైకీ కిందికీ కొట్టుకుపోతూ ఒకదానికొకటి రాసుకుంటాయి. తలదువ్విన దువ్వెన కాగితం ముక్కలను లాక్కోవడం మీకు తెలుసుగా? ఇదీ అటువంటిదే. మబ్బు పైభాగాన ధనవిద్యుత్తు, అడుగున ఋణవిద్యుత్తు పోగవుతాయి. అది పట్టరానంత అయినప్పుడు గాలిని చీల్చుకుని భూమికి దిగుతుంది. ఆ దారిలో గాలి 30,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం కంటె అది అయిదు రెట్ల వేడి! వేడికి గాలి ఒక్కసారిగా పేలినట్లు వ్యాకోచిస్తుంది. ఆ చప్పుడే ఉరుము.

నేలను తాకిన విద్యుత్తు అక్కడితో ఆగదు. చెరువులో రాయి వేస్తే అలలు పాకినట్లు నేలలో నలువైపులకూ పాకుతుంది. పడినచోట బలం ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. గుర్రం ముందుకాళ్లు ఒకచోట, వెనకకాళ్లు నాలుగైదు అడుగుల అవతల ఉంటాయి. ఆ రెండు చోట్లా విద్యుత్తు బలం ఒకటిగా ఉండదు కనక, అది ఒక జత కాళ్లలోంచి ఎక్కి రెండో జత కాళ్లలోంచి దిగుతుంది. గుండె సరిగ్గా ఆ దారిలోనే ఉన్నది! అందుకే పిడుగులకు మనుషుల కంటె పశువులు ఎక్కువ చస్తాయి. 2016 ఆగస్టులో నార్వే దేశపు కొండలమీద 323 రెయిన్‌డీర్లు ఒక్క గాలివానలో పడిపోయాయి. గుర్రం నాడాలు పిడుగును లాగుతాయని కొందరంటారు. అది వట్టిమాట. దోషం నాడాలది కాదు, కాళ్ల మధ్య దూరానిది.

మన ఊళ్లలో గుర్రప్పందాలు లేవు గదా అంటారేమో! ఎడ్లు లేవూ? కోదాడకు దగ్గరలోని మేళ్లచెరువులో శివరాత్రి జాతరకు ఎడ్ల పందాలు జరుగుతాయి. వాటిని చూడడానికి ఎంత జనం వస్తారో మీకే తెలుసు. పందాలు ఏడాదికోసారి, పొలం పని రోజూ ఉండేదే. మిర్యాలగూడ చుట్టూ నాగార్జునసాగరు ఎడమకాలువ కింద కనుచూపు మేర వరి మళ్లు. ఆ మళ్లు కూడా పిడుగుకు పందెపు మైదానంలాంటివే. నాట్లు వేసేవాళ్లు వంగి ఉన్నా సరే, అక్కడ ఎత్తైనవాళ్లు వాళ్లే.

అన్నిటికంటె గడ్డురోజులు యాసంగి వడ్లు కల్లాల్లో ఆరబోసే ఏప్రిల్, మే నెలలు. సాయంత్రం ఈశాన్యాన మబ్బు లేస్తుంది. ఆరునెలల కష్టం తడిసిపోతుందని ఇంటిల్లిపాదీ టార్పాలిన్ పట్టాలు పట్టుకుని కల్లానికి పరుగెత్తుతారు. నాన్న ఒక కొస, పిల్లవాడు ఒక కొస! వడ్ల బాధ రైతుకే తెలుస్తుంది, కాదనను. అందుకని పెద్దలకు ఒక మాట: పట్టాలు మధ్యాహ్నమే కుప్పల పక్కన పరిచి పెట్టుకోండి. మబ్బు దూరంగా ఉండగానే కప్పేయండి. ఉరుము వినబడ్డాక వడ్లు తడిస్తే మళ్లీ ఆరబోసుకోవచ్చు.

ఉరిమినప్పుడు మన అవ్వలు “అర్జునా! ఫల్గుణా!” అనుకోమంటారు. విరాటుడి కొలువులో దాగి ఉన్న అర్జునుడు ఉత్తరకుమారుడికి తన పది పేర్లూ చెప్పాడు గదా, అవే. ఆ పేర్లతో పిడుగు ఆగుతుందో లేదో గాని, వాటితో మనం గడియారం చేసుకోవచ్చు! మెరుపు మెరవగానే మొదలుపెట్టి, సెకనుకొక పేరు చొప్పున నిదానంగా చదవండి. శబ్దం మూడు సెకన్లకు ఒక కిలోమీటరు నడుస్తుంది. పది పేర్లు పూర్తయ్యేసరికి ఉరిమితే పిడుగు మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరాన పడిందన్నమాట. మూడు మార్లు చదివేలోగా ఉరిమితే పది కిలోమీటర్ల లోపలే ఉన్నది. ఇక ఆటైనా పందెమైనా ఆపి లోపలికి వెళ్లవలసిందే.

లోపల అంటే ఎక్కడ? పక్కా ఇల్లు మంచిది. ఆర్‌టీసీ బస్సూ మంచిదే. విద్యుత్తు దాని రేకు మీదుగానే నేలకు దిగిపోతుంది. టైర్ల వల్ల మాత్రం కాదు. కప్పులేని ట్రాక్టరు, ఆటో, సైకిలు పనికిరావు. తాటిచెట్టు కిందికి అసలే పోకూడదు. చెట్టుమీద పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. ఇనుప కంచెలకూ కరెంటు స్తంభాలకూ దూరంగా ఉండండి. దగ్గరలో ఏ నీడా లేకపోతే రెండు పాదాలూ కలిపి గొంతుకు కూర్చోండి, పడుకోవద్దు. గుర్రానికి చెప్పలేని ఉపాయం ఇది! సెల్‌ఫోను పిడుగును పిలవదు. పైగా పుణెలోని వాతావరణ శాస్త్రజ్ఞులు చేసిన ‘దామిని’ అనే యాప్ పిడుగుల జాడ ముందుగా చెబుతుంది కూడా.

ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి జంకవద్దు. ఒంట్లో విద్యుత్తు నిలిచి ఉండదు. 108కి ఫోను చేయించి, శ్వాస ఆడకపోతే తెలిసిన పెద్దవాళ్లు వెంటనే గుండెను ఒత్తాలి. అట్లా బతికి బయటపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు.

చివరి ఉరుము తరవాత ఇంకా అరగంట బయటికి రాకూడదు. మబ్బు వెళ్లిపోతూ కూడా వెనక్కి ఒక పిడుగు విసరవచ్చు. ఆ అరగంటా ఊరికే కూర్చోకుండా, ఒక కాగితం తీసుకుని ప్రతి మెరుపుకూ ఎన్ని పేర్లు చదివారో వరసగా వేసుకోండి. అంకెలు పెరుగుతున్నాయంటే మబ్బు మీ ఊరు దాటిపోతున్నదన్నమాట. తగ్గుతుంటే, తలుపు వేసుకుని మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టండి!