డిస్క్ గోల్ఫ్ డ్రైవర్లు: గమనంపై బరువు, ప్లాస్టిక్కుల ప్రభావం

డిస్క్ గోల్ఫ్ డ్రైవరు అనగా డిస్క్ గోల్ఫ్ క్రీడలో ఎక్కువ దూరం విసరడానికి ఉపయోగించే ప్లాస్టిక్ డిస్కు. దీని అంచు వెడల్పుగా ఉండి, చివరకు వచ్చేసరికి పలుచబడుతుంది. ఒకే కంపెనీ, ఒకే అచ్చులో, ఒకే పేరుతో తయారు చేసిన రెండు డ్రైవర్లు కూడా గాలిలో ఒకే విధంగా ప్రయాణించకపోవచ్చును. ఈ తేడాకు ముఖ్య కారణాలు రెండు: డిస్కు బరువు, దాని తయారీలో వాడిన ప్లాస్టిక్ మిశ్రమం. కొత్తగా ఆడేవారు పేరు పొందిన క్రీడాకారులు వాడే బరువైన డ్రైవరును కొని, అది కొద్ది దూరంలోనే ఒక ప్రక్కకు వాలి నేలకు దిగడం చూసి నిరుత్సాహపడటం సాధారణం. అటువంటప్పుడు లోపం పూర్తిగా విసిరే పద్ధతిలోనే ఉండనవసరం లేదు. చేతి వేగానికి తగని డిస్కును ఎంచుకోవడం కూడా అందుకు కారణం కావచ్చును.

చరిత్ర

డిస్క్ గోల్ఫ్ లో బంతికి బదులు డిస్కును, గుంతకు బదులు గొలుసులు వేలాడే బుట్టను ఉపయోగిస్తారు. తక్కువ విసుర్లలో డిస్కును బుట్టలో వేసినవారు గెలిచినట్లు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్ వద్ద గల ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో మొదటి శాశ్వత మైదానం ఏర్పడింది. దీనిని రూపొందించిన ఎడ్ హెడ్రిక్ అంతకు ముందు ఫ్రిస్బీలు తయారు చేసే వామ్-ఓ కంపెనీలో పనిచేశాడు. 1976లో ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పి.డి.జి.ఎ.) స్థాపన కూడా ఆయన చేతుల మీదుగానే జరిగింది.

మొదటి రోజులలో ఆటగాళ్ళు గుండ్రని, మందమైన అంచు గల మామూలు ఫ్రిస్బీలనే వాడేవారు. 1983లో డేవ్ డునిపేస్ ఏటవాలు అంచు గల డిస్కును రూపొందించాడు. అదే సంవత్సరం ఇన్నోవా కంపెనీ ఆరంభమైంది. ఏటవాలు అంచు గాలి నిరోధాన్ని తగ్గించడంతో విసుర్ల దూరం పెరిగింది. నేటి డ్రైవర్లన్నీ ఈ మార్పు నుండి వచ్చినవే.

నియమాలు

పోటీలలో వాడే డిస్కులకు పి.డి.జి.ఎ. కొన్ని కొలతలను నిర్ణయించింది. డిస్కు వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గరాదు. అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లకు మించరాదు. బరువు, వ్యాసంలోని ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించరాదు. ఎంత పెద్ద డిస్కు అయినా 200 గ్రాములు దాటరాదు. అధిక శాతం డ్రైవర్ల వ్యాసం 21.1 లేదా 21.2 సెంటీమీటర్లు ఉంటుంది. కనుక వాటి గరిష్ఠ బరువు 175 లేదా 176 గ్రాముల వద్ద ఆగుతుంది. కనీస బరువు విషయంలో తయారీదారులకు ఎక్కువ స్వేచ్ఛ ఉన్నది. 150 గ్రాములు, అంతకంటే తేలికైన డ్రైవర్లు కూడా బజారులో లభిస్తాయి.

డిస్కు గమనం

విసిరిన డిస్కుపై మూడు బలాలు పనిచేస్తాయి. బరువు క్రిందికి లాగుతుంది, గాలి వలన కలిగే ఉత్థాపన బలం పైకి లేపుతుంది, గాలి నిరోధం వేగాన్ని తగ్గిస్తుంది. వీటితోపాటు డిస్కు తన చుట్టూ తాను తిరగడం కూడా ముఖ్యమైనది. తిరగని డిస్కు వెంటనే పల్టీలు కొట్టి పడిపోతుంది. గిర్రున తిరిగే బొంగరం నిలబడినట్లే, వేగంగా తిరిగే డిస్కు తన వాలును నిలుపుకుంటుంది.

అయితే ఉత్థాపన బలం ఎల్లప్పుడూ డిస్కు మధ్యభాగాన పనిచేయదు. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు డిస్కు గాలికి దాదాపు సమాంతరంగా సాగుతుంది. అప్పుడు ఆ బలం కేంద్రానికి కొంత వెనుకగా పనిచేసి, ముందు అంచును క్రిందికి నెట్టడానికి ప్రయత్నిస్తుంది. వేగం తగ్గిన తరువాత, గాలిలో నిలవడానికి డిస్కు ముందు అంచు గాలికి ఎక్కువ కోణంలో లేచి ఉండవలసి వస్తుంది. అప్పుడు బలం కేంద్రానికి ముందుకు జరిగి, ముందు అంచును పైకి ఎత్తడానికి ప్రయత్నిస్తుంది.

తిరుగుతున్న వస్తువును ఒక దిశలో వంచబోతే అది తొంభై డిగ్రీల తేడాతో మరొక దిశలో ఒరుగుతుంది. తిరిగే బొంగరాన్ని ప్రక్కకు నెట్టితే అది పడిపోకుండా వలయంగా ఊగడానికి కారణం ఇదే. అందువలన ముందు అంచును పైకి, క్రిందికి వంచే బలాలు డిస్కును కుడికి, ఎడమకు ఒరిగేటట్లు చేస్తాయి. కుడిచేతి వాటం గల వ్యక్తి చేతిని ఛాతీ మీదుగా వెనుకకు తీసుకుపోయి విసిరితే (దీనిని బ్యాక్‌హ్యాండ్ అంటారు), డిస్కు మొదట కొద్దిగా కుడికి ఒరిగి, చివరకు ఎడమకు వాలుతుంది. మొదటి ఒరుగుడును టర్న్ అని, చివరి వాలుడును ఫేడ్ అని పిలుస్తారు. ఎడమచేతి వాటం వారు ఇలాగే విసిరినప్పుడు ఈ దిశలు తారుమారవుతాయి.

టర్న్ ఎక్కువగా గల డిస్కులను అండర్‌స్టేబుల్ అని, ఫేడ్ ఎక్కువగా ఉండి టర్న్ దాదాపు లేనివాటిని ఓవర్‌స్టేబుల్ అని అంటారు. ఇన్నోవా పద్ధతిలో ప్రతి నమూనాకు వేగం, గ్లైడ్, టర్న్, ఫేడ్ అనే నాలుగు అంకెలు ఇస్తారు. గ్లైడ్ అనగా గాలిలో తేలే గుణం. ఉదాహరణకు 2007లో వచ్చిన డిస్ట్రాయర్ అనే డ్రైవరుకు 12, 5, -1, 3 అనే అంకెలు ఉన్నాయి. ఈ అంకెలు నమూనాకు చెందినవి, ఒక్కొక్క డిస్కుకు చెందినవి కావు. బరువు, ప్లాస్టిక్కు మారినప్పుడు అసలు గమనం ఈ అంకెల నుండి ప్రక్కకు జరుగుతుంది.

బరువు ప్రభావం

ఒకే ఆకారంలో 175 గ్రాముల డ్రైవరును, 150 గ్రాముల డ్రైవరును తీసుకుంటే, వాటి మధ్య నాలుగు విధాల తేడా కనిపిస్తుంది.

మొదటిది విడుదల వేగం. రెండు డిస్కులకూ సమానమైన శక్తిని అందిస్తే తేలికైనది సుమారు 8 శాతం ఎక్కువ వేగంతో బయలుదేరాలి. ఆచరణలో అంత లాభం రాదు. విసిరేటప్పుడు డిస్కుతోపాటు, దానికంటే ఎన్నో రెట్లు బరువైన చేతిని కూడా కదిలించవలసి ఉండటమే ఇందుకు కారణం.

రెండవది వేగం తగ్గే తీరు. ఒకే వేగంలో రెండింటిపైనా గాలి నిరోధం దాదాపు సమానం. అదే నిరోధం తేలికైన డిస్కు వేగాన్ని సుమారు 17 శాతం ఎక్కువ త్వరగా తగ్గిస్తుంది. కాబట్టి విడుదల సమయంలో పొందిన లాభంలో కొంత దారిలోనే పోతుంది.

మూడవది తేలే గుణం. 21.1 సెంటీమీటర్ల వ్యాసం గల డిస్కు వైశాల్యం సుమారు 350 చదరపు సెంటీమీటర్లు. ప్రతి చదరపు సెంటీమీటరు మోయవలసిన భారం 175 గ్రాముల డిస్కులో 0.50 గ్రాములు, 150 గ్రాముల డిస్కులో 0.43 గ్రాములు. తక్కువ భారం గల డిస్కు తక్కువ వేగంలో కూడా గాలిలో నిలువగలదు. చేతి వేగం తక్కువగా గలవారికి తేలికైన డ్రైవరు ఎక్కువ దూరం పోవడానికి ముఖ్య కారణం ఇదే.

నాలుగవది ఒరిగే స్వభావం. బరువు తగ్గితే డిస్కు జడత్వ భ్రామకం కూడా తగ్గుతుంది. అంటే, అంతే వేగంతో తిరుగుతున్నా, గాలి కలిగించే వంపును ఎదిరించే శక్తి తక్కువగా ఉంటుంది. పైగా తేలికైన డిస్కుకు తక్కువ ఉత్థాపన బలం చాలు కాబట్టి అది గాలికి మరింత సమాంతరంగా సాగుతుంది. ముందు అంచు క్రిందికి వంగే స్థితి ఎక్కువ సేపు కొనసాగుతుంది. ఈ రెండు కారణాల వలన తేలికైన డ్రైవరులో టర్న్ పెరుగుతుంది. కొత్తవారి చేతిలో బరువైన డ్రైవరు తగినంత వేగం అందక, టర్న్ దశ చేరకుండానే ఫేడ్ దశలోకి పోతుంది. అదే నమూనా తేలికైన డిస్కు కొంత నిటారుగా సాగి, ఆ తరువాత వాలుతుంది. బలంగా విసిరే వ్యక్తి చేతిలో మాత్రం అదే తేలికైన డిస్కు కుడికి అతిగా ఒరిగి అదుపు తప్పవచ్చును.

గాలి దిశ

డిస్కుపై పనిచేసే బలాలు నేలతో పోల్చిన వేగంపై కాక, గాలితో పోల్చిన వేగం వర్గంపై ఆధారపడతాయి. సెకనుకు 25 మీటర్ల వేగంతో విసిరిన డిస్కుకు 5 మీటర్ల ఎదురుగాలి తగిలితే ఆ బలాలు 44 శాతం పెరుగుతాయి. అంతే వేగం గల గాలి వెనుక నుండి వీస్తే 36 శాతం తగ్గుతాయి. అందువలన ఎదురుగాలిలో ప్రతి డిస్కూ తన స్వభావం కంటే ఎక్కువ అండర్‌స్టేబుల్ గా, వెనుకగాలిలో ఎక్కువ ఓవర్‌స్టేబుల్ గా ప్రవర్తిస్తుంది. ఎదురుగాలిలో బరువైన, ఓవర్‌స్టేబుల్ డ్రైవర్లను, వెనుకగాలిలో తేలికైన డ్రైవర్లను ఎంచుకోవడానికి ఆధారం ఇదే. 2016లో అమెరికాలోని నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ విసిరిన డిస్కు 338 మీటర్ల దూరం పోయింది. అటువంటి రికార్డు ప్రయత్నాలు బలమైన వెనుకగాలి ఉన్న చోట, వీలయిన సమయంలో జరుపుతారు. మామూలు మైదానంలో ఆ దూరాలను ఆశించరాదు.

ప్లాస్టిక్కు ప్రభావం

ప్లాస్టిక్కులను స్థూలంగా రెండు తరగతులుగా విభజించవచ్చును. ఇన్నోవా వారి డి.ఎక్స్., డిస్‌క్రాఫ్ట్ వారి ప్రో-డి వంటివి చవకైన మూల ప్లాస్టిక్కులు. ఇన్నోవా వారి ఛాంపియన్, స్టార్, డిస్‌క్రాఫ్ట్ వారి జెడ్, ఇ.ఎస్.పి. వంటివి ఖరీదైన, దృఢమైన ప్లాస్టిక్కులు. ప్లాస్టిక్కు ప్రభావం క్రింది విధాలుగా ఉంటుంది.

ఆకారం: కరిగిన ప్లాస్టిక్కును అచ్చులోకి ఒత్తిడితో నింపి చల్లారుస్తారు. చల్లారేటప్పుడు అది కుంచించుకుపోతుంది. ఈ కుంచన ఒక్కొక్క మిశ్రమానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. అందువలన ఒకే అచ్చు నుండి వచ్చినా ఒక డిస్కు పైభాగం గుమ్మటంలా ఉబ్బి, మరొకటి చదునుగా ఉండవచ్చును. ఉబ్బిన డిస్కులు ఎక్కువగా తేలుతాయని, చదునైనవి సాధారణంగా ఓవర్‌స్టేబుల్ అని ఆటగాళ్ళు భావిస్తారు. అంచు కొస నేల నుండి ఎంత ఎత్తున ఉన్నదన్నది మరీ ముఖ్యం. ఆ ఎత్తు పెరిగితే డిస్కు ఓవర్‌స్టేబుల్ అవుతుంది, తగ్గితే అండర్‌స్టేబుల్ అవుతుంది. మిల్లీమీటరులో కొంత భాగం తేడా కూడా గమనంలో తెలుస్తుంది.

అరుగుదల: చెట్లకు, రాళ్ళకు తగిలినప్పుడు మూల ప్లాస్టిక్కు అంచు త్వరగా సొట్టలు పడి, కొస క్రిందికి వంగుతుంది. ఫలితంగా డిస్కులో ఫేడ్ తగ్గి, టర్న్ పెరుగుతుంది. ఖరీదైన ప్లాస్టిక్కులో ఇదే మార్పు చాలా నెమ్మదిగా వస్తుంది. కొందరు అనుభవజ్ఞులు ఒకే నమూనాలో కొత్తది, కొంత అరిగినది, బాగా అరిగినది అని మూడు డిస్కులు ఉంచుకొని, మూడు రకాల దారులకు వాడతారు.

పట్టు: మూల ప్లాస్టిక్కు చేతికి బాగా పట్టు ఇస్తుంది. ఛాంపియన్ వంటి గట్టి, నున్నని ప్లాస్టిక్కు తడిలో, చలిలో జారవచ్చును. పట్టు జారితే డిస్కు తిరిగే వేగం తగ్గుతుంది. అప్పుడు డిస్కు ఎంత మంచిదైనా త్వరగా ఒరిగిపోతుంది.

బరువు, ప్లాస్టిక్కుల సంబంధం

బరువును, ప్లాస్టిక్కును వేరు వేరు విషయాలుగా చూడటం పూర్తిగా సరి కాదు. అచ్చు లోపలి ఘనపరిమాణం మారదు. కాబట్టి అదే అచ్చులో బాగా తేలికైన డిస్కు రావాలంటే మిశ్రమం సాంద్రత తగ్గాలి. ఖరీదైన ప్లాస్టిక్కులు సాధారణంగా సాంద్రమైనవి కనుక వాటిలో వెడల్పు అంచు గల డ్రైవర్లను తేలికగా తయారు చేయడం కష్టం. ఈ ఇబ్బందిని దాటడానికి ఇన్నోవా 2010ల మొదట్లో బ్లిజార్డ్ అనే ప్లాస్టిక్కును తెచ్చింది. ఇందులో సన్నని వాయు బుడగలు ఉంటాయి. అంటే 140 గ్రాముల డిస్ట్రాయర్ కొన్నవారు తేలికైన డిస్కునే కాక, వేరొక పదార్థంతో చేసిన డిస్కును కూడా కొన్నట్లే.

బరువు ఎంత అన్నదే కాక, ఎక్కడ ఉన్నదన్నది కూడా గమనాన్ని మారుస్తుంది. కేంద్రానికి దూరంగా ఉన్న ద్రవ్యరాశి జడత్వ భ్రామకాన్ని ఎక్కువగా పెంచుతుంది. ఎం.వి.పి. కంపెనీ డిస్కు లోపలి భాగాన్ని ఒక ప్లాస్టిక్కుతో, వెలుపలి అంచును మరింత సాంద్రమైన ప్లాస్టిక్కుతో పోయడానికి ఇదే కారణం. ఈ పద్ధతిలో మొత్తం బరువు పెరగకుండానే డిస్కు ఎక్కువ సేపు తిరుగుతూ తన వాలును నిలుపుకుంటుంది.

ఎంపిక

* కొత్తగా నేర్చుకునేవారికి, పిల్లలకు, చేతి వేగం తక్కువగా గలవారికి 150 నుండి 165 గ్రాముల మధ్య బరువు, తక్కువ వేగపు అంకె గల డ్రైవర్లు అనుకూలం. 6, 5, -2, 1 అంకెలు గల లెపర్డ్ ఇందుకు ఒక ఉదాహరణ.
* బలంగా విసిరేవారికి, గాలి ఎక్కువగా ఉండే మైదానాలకు 170 నుండి 175 గ్రాముల డ్రైవర్లు నమ్మకమైనవి.
* చెట్లు, రాళ్ళు ఎక్కువగా ఉన్న చోట దృఢమైన ప్లాస్టిక్కు ఎక్కువ కాలం ఒకే తీరున ఎగురుతుంది.
* నేర్చుకునే దశలో చవకైన మూల ప్లాస్టిక్కు సరిపోతుంది. అరిగిన కొద్దీ దాని ఫేడ్ తగ్గడం కొత్తవారికి మేలే చేస్తుంది.
* నీటి ప్రక్కన ఆడేటప్పుడు డ్రాగన్ వంటి, నీటిపై తేలే డ్రైవర్లు ఉపయోగపడతాయి.

ఒక డ్రైవరు తగినదా కాదా అని తెలుసుకోవడానికి, గాలి లేని రోజున సమతల మైదానంలో ఒకే నమూనాకు చెందిన రెండు బరువులను మార్చి మార్చి విసిరి చూడటం మంచి పద్ధతి. తేలికైనది నిటారుగా సాగి, బరువైనది వెంటనే ప్రక్కకు వాలితే, చేతి వేగం ఇంకా బరువైన డిస్కుకు సరిపోలేదని గ్రహించవచ్చును. తేలికైనది కుడికి ఒరిగి తిరిగి రాకపోతే, బరువు పెంచవలసిన సమయం వచ్చినట్లు.